వేరు గ్లాసు, ఎర్ర మందు, తిరుపతి గుండు: క్యాన్సర్‌తో బతుకుతూ నవ్వడం ఎలా కుదురుతుంది?

క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో నీళ్లు తాగినా, ఒకే మంచంలో పడుకున్నా ఒకరి నుంచి ఇంకొకరికి రాదు. ఈ మాట డాక్టరు చెబుతారు, నర్సు చెబుతుంది, ఆసుపత్రి గోడ మీద పోస్టరూ చెబుతుంది. అయినా రోగి ఊరికి చేరేసరికి చాలా ఇళ్లలో ఒక గ్లాసు, ఒక కంచం, ఒక చాప పక్కన పెట్టేసి ఉంటాయి. ఎవరూ ఏమీ అనరు. పక్కన పెట్టేస్తారు, అంతే.

మన వాడల్లో ఆ వేరు గ్లాసుకు ఇంకో చరిత్ర ఉంది. ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లు, టీ తాగి తమ గ్లాసు తామే కడిగి విడిగా బోర్లించి వచ్చినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. అందుకే దళిత ఇంట్లో క్యాన్సర్ రోగికి వేరు గ్లాసు పెడితే ఆ దెబ్బ రెండింతలు తగులుతుంది. బయటివాడు చేసిన పని ఇప్పుడు కోడలు చేస్తోంది, కొడుకు చేస్తున్నాడు. దీని మీద ఏడవచ్చు, గొడవ పడొచ్చు. "ఊళ్లె హోటల్ల రెండు గ్లాసులు ఎత్తేసిన్రనుకుంటే, అవి నడుసుకుంట మా ఇంటికే వచ్చినయా బిడ్డా?" అని నవ్వుతూ అడగనూ వచ్చు.

ఆ ఒక్క మాట ఎంత పని చేస్తుందో చూడండి. కోడలిని తప్పు పట్టలేదు, కానీ జరుగుతున్నదాన్ని అసలు పేరుతో పిలిచింది. ఇది అంటరానితనం అని చెప్పింది. ఇంట్లో అందరికీ తెలిసిన, అందరూ అసహ్యించుకునే ఒక పాత అవమానం పక్కన ఈ కొత్త గ్లాసును నిలబెట్టింది. ఆ మాట పడ్డాక ఆ గ్లాసును విడిగా ఉంచడం ఏ మాల ఇంట్లోనైనా, మాదిగ ఇంట్లోనైనా కష్టం.

ఇంకో సంగతీ ఇక్కడే చెప్పాలి. కీమో తీసుకునేవాళ్ల విషయంలో జాగ్రత్త ఎక్కువగా అవసరమయ్యేది రోగి నుంచి మనకు కాదు, మన నుంచి రోగికి. కీమో ఎక్కించాక సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లరక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో పక్కింటివాళ్ల జలుబు కూడా రోగికి ప్రమాదమే. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. కీమో తర్వాత రెండు రోజుల పాటు రోగి వాంతి, మూత్రం శుభ్రం చేసేవాళ్లు చేతికి గ్లౌజులు వేసుకుంటే మంచిది. అది మందు కోసం, క్యాన్సర్ అంటుతుందని కాదు. కాబట్టి పలకరించడానికి వెళ్లేటప్పుడు చేతులు కడుక్కుని వెళ్లాలి, దగ్గుంటే ఫోన్‌లో మాట్లాడాలి. గ్లాసు మాత్రం మార్చనక్కర్లేదు.

నవ్వితే జబ్బు తగ్గుతుందా?

తగ్గదు. వాట్సాప్‌లో తిరిగే మాటలు ఎన్నున్నా, నవ్వు కణితిని కరిగించిందని తేల్చిన రుజువు లేదు. ఈ నమ్మకానికి ఊపునిచ్చిన వాటిలో ఒకటి అమెరికా సంపాదకుడు నార్మన్ కజిన్స్ 1979లో వేసిన 'అనాటమీ ఆఫ్ యాన్ ఇల్‌నెస్' అనే పుస్తకం. పాత కామెడీ సినిమాలు చూసి పది నిమిషాలు కడుపుబ్బ నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్రపట్టేదని ఆయన రాశాడు. ఆయన జబ్బు వెన్ను, కీళ్లకు సంబంధించినది, క్యాన్సర్ కాదు. ఆ తేడా దారిలో ఎక్కడో రాలిపోయింది.

తోడు సంగతి కూడా అంతే. 1989లో డేవిడ్ స్పీగెల్ అనే అమెరికా వైద్యుడు 86 మంది మహిళల మీద చేసిన అధ్యయనం 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. అందరికీ రొమ్ము క్యాన్సర్ శరీరంలో పాకిపోయింది. వారం వారం ఒక బృందంగా కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు మిగతావాళ్లకంటే దాదాపు రెండింతల కాలం బతికారని అందులో తేలింది. ప్రపంచమంతా ఆశ పడింది. 2001లో కెనడాలో పమేలా గుడ్విన్ బృందం 235 మందితో అదే పని మళ్లీ చేసి చూస్తే ఆయుష్షు పెరగలేదు. కానీ ఆ బృందాల్లో కూర్చున్నవాళ్లకు, ముఖ్యంగా మొదట్లో బాగా కుంగిపోయి ఉన్నవాళ్లకు, మనసులో బాధ తగ్గింది. ఒంటి నొప్పి కూడా తక్కువగా అనిపించింది. తక్కువ సంగతేం కాదు అది. ఆయుష్షు పెరగకపోయినా నొప్పి తగ్గడం, రాత్రి నిద్ర పట్టడం చాలా పెద్ద విషయం. జబ్బుపడ్డవాళ్లకు తెలుసు.

ఈ తేడా ఎందుకు నొక్కి చెప్పాలంటే, "ధైర్యంగా ఉండు, నవ్వుతూ ఉండు, తగ్గిపోతుంది" అనే మాటకు ఒక చెడ్డ వెనకవైపు ఉంది. తగ్గకపోతే తప్పు రోగిదే అవుతుంది. నువ్వు సరిగ్గా నవ్వలేదు, గట్టిగా ప్రార్థన చేయలేదు, మనసు దిటవు చేసుకోలేదు అని. అమెరికా రచయిత్రి బార్బరా ఎరెన్‌రైక్ తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు చుట్టూ వినిపించిన ఈ సానుకూల దృక్పథం గోల మీద 2009లో ఏకంగా ఒక పుస్తకమే రాసింది. నవ్వమని ఆజ్ఞాపించడం ఒకటి, నవ్వు రావడం ఇంకొకటి. ఈ వ్యాసం రెండోదాని గురించి.

పాపం, పెద్దకూర, పాత సిద్ధాంతం

క్యాన్సర్ వచ్చిందనగానే ఊరు కారణం వెతుకుతుంది. "ఏ జన్మల పాపమో." ఈ వాక్యం మనకు కొత్త కాదు. మనం ఈ కులంలో ఎందుకు పుట్టామో చెప్పడానికి శాస్త్రాలు వాడిన సిద్ధాంతమూ ఇదే. కర్మ. దీనికి దీటైన జవాబు మన వాడలోనే దొరుకుతుంది: "పోయిన జన్మల పాపం జేస్తే గదా ఈ జన్మల మాదిగింట్ల పుట్టిచ్చిండు. మళ్ల అదే పాపానికి క్యాన్సరా? ఒక్క తప్పుకు రెండు శిక్షలేంది?" చదువుకున్న మనవరాలు ఎవరైనా పక్కన ఉంటే, ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష వేయకూడదని బాబాసాహెబ్ రాజ్యాంగంలో ఉందనీ, అది 20(2) అధికరణమనీ కూడా చెప్పొచ్చు. దేవుడి మీద కేసు గెలవడం కష్టమే. పాపం అన్న మనిషి నోరు మాత్రం మూతపడుతుంది.

తర్వాతి నింద తిండి మీద. పెద్దకూర తిన్నందుకే వచ్చిందంటారు. ఎర్ర మాంసం పెద్దపేగు క్యాన్సర్‌కు కారణం అయ్యే అవకాశం ఉందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పిన మాట నిజం. అయితే ఎర్ర మాంసం అంటే మేక, గొర్రె, గొడ్డు, పంది అన్నీ కలిపే. ఆదివారం మటన్ తినే ఇంటిని ఎవరూ వేలెత్తి చూపరు. కీమో నడుస్తున్నప్పుడు ఒంటికి మాంసకృత్తులు ఎక్కువ కావాలి. బాగా ఉడికించిన గుడ్డు, కోడి, చేప, మాంసం, పప్పు తినమనే ఆసుపత్రిలో చెబుతారు. ఆ సమయంలో "ఇంక మానేయ్" అని కూర గిన్నె లాగేసే చుట్టం మేలు చేస్తున్నట్టు కాదు.

పొగాకు సంగతి వేరు. అది నిజంగా కారణమే. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు, పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు గురించి, దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి దశాబ్దాల నుంచి పరిశోధనలు ఉన్నాయి. అయినా తెల్లారకముందే లేచి కూలికి పోయే మనిషి చుట్టతోనో గుట్కాతోనో ఆకలి చంపుకోవడం వెనక ఒక కథ ఉంటుంది. జబ్బు వచ్చాక దాన్ని తవ్వి తిడితే రోగి రెండోసారి ఆసుపత్రికి రాడు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో ఆడవాళ్ల మీద పడే మాటలు ఇంకా ఘోరం. దానికి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. అది ఎంత మామూలు వైరస్ అంటే పెళ్లయి ఒక్క భర్తతోనే కాపురం చేసిన ఆడవాళ్లకూ వస్తుంది. దాన్ని పట్టుకుని నడత గురించి మాట్లాడేవాడికి వైద్యమూ తెలియదు, మర్యాదా తెలియదు.

ఎవరి జోకు, ఎవరి మీద

జుట్టు ఊడే కీమో మందులైతే మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లోనే దిండు మీద వెంట్రుకలు కనిపిస్తాయి. చాలామంది అప్పుడే గుండు గీయించుకుంటారు. మన దగ్గర గుండుతో ఆడమనిషి కనిపిస్తే అడిగే ప్రశ్న ఒక్కటే: తిరుపతి ఎప్పుడు వెళ్లొచ్చారు? క్రైస్తవ దళిత స్త్రీకి ఇంతకంటే ఇబ్బందైన ప్రశ్న లేదు, ఇంతకంటే మంచి అవకాశమూ లేదు. "వెళ్లొచ్చాను వదినా, మా పాస్టరుగారికి మాత్రం చెప్పకు" అనేయొచ్చు. తెలంగాణ పల్లెలో జవాబు కొంచెం ఘాటుగా ఉంటుంది: "మీ గుళ్లెకు మమ్ముల రానియ్యకపోతిరి, అందుకే పెద్దాసుపత్రిల మొక్కు చెల్లిచ్చుకున్న."

వార్డుల్లో ఇలాంటి మాటలకు కరువుండదు. డోక్సోరుబిసిన్ అనే మందు ఎర్రగా ఉంటుంది. ఎక్కించిన తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందుగా ఎవరూ చెప్పకపోతే రక్తం పోతోందని గుండె జారిపోతుంది. ముందే చెప్పిన పక్క మంచం అక్క ఉంటే అదే "రూహ్ అఫ్జా ఎక్కువైంది" అనే నవ్వవుతుంది. రేడియేషన్‌ను మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఇంటి కరెంటు ఉచితం. "200 యూనిట్లు దాటితే నాకు బిల్లేస్తరా సారూ?" అని టెక్నీషియన్‌ను అడగడానికి అంతకంటే ఏం కావాలి? ఇక రక్తం ఎక్కించుకున్నవాళ్ల మాట: "నాలుగు బాటిళ్లు ఎక్కిచ్చిన్రు. ఎవరియో ఏమో. ఇగ నా కులమేందో నాకే తెల్వదు." కులం రక్తంలో ఉందని నమ్మే దేశంలో ఇది చిన్న జోకు కాదు. బ్లడ్ బ్యాంకు వాళ్లు గ్రూపు చూస్తారు, గోత్రం చూడరు.

ఈ జోకులన్నిటిలో ఒక పోలిక ఉంది. అన్నీ రోగి నోటి నుంచి వచ్చినవే. ఆ హక్కు మొదట రోగిది. రోగి మొదలుపెడితే మనం అందుకోవచ్చు. మనం మొదలుపెడితే అది ఎగతాళిగా తగిలే ప్రమాదం ఎక్కువ. దీనికి మన తెలుగు పల్లెల్లో ఒక పాత ఏర్పాటు ఉంది, అదే వరస. బావ, మరదలు, వదిన, మేనమామ, తాత, మనవరాలు. ఈ వరసలవాళ్లకు సరసమాడే అనుమతి పుట్టుకతోనే ఉంటుంది. తోడికోడలు అంటే గుచ్చుకునే మాటే వదిన అంటే నవ్వవుతుంది. ఆసుపత్రి వరండాలో ముక్కూమొహం తెలియని ఇద్దరు ఆడవాళ్లు అయిదు నిమిషాల్లో అక్కా, వదినా అని పిలుచుకోవడం మొదలుపెడతారు. ఒకరకంగా అది నవ్వుకోవడానికి అనుమతి తీసుకోవడమే. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి పడినప్పుడు జనం ఎవరూ కోపగించుకోలేదు. ఏడుపు నడుమ నవ్వుకు చోటివ్వడం మనకు తెలిసిన పనే.

రొమ్ము తీసేసిన ఆడమనిషి దగ్గర మగవాళ్లు వేసే జోకులు మాత్రం వేరు. అవి జోకులు కావు. ఆడతనం పోయిందనే మాటకు నవ్వు ముసుగు అది. ఇక్కడ నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్‌ను గుర్తు చేసుకోవాలి. 1978లో ఆమెకు ఒక రొమ్ము తీసేశారు. జాకెట్టులో దూది బొత్తి పెట్టుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. అలా డాక్టరు దగ్గరికి వెళితే, ఏదో ఒకటి పెట్టుకుని రావాలనీ, లేకపోతే అక్కడికి వచ్చే మిగతావాళ్ల మనసు దెబ్బతింటుందనీ అక్కడి నర్సు చెప్పింది. ఆ అనుభవాన్ని ఆమె 1980లో వచ్చిన 'ది క్యాన్సర్ జర్నల్స్'లో రాసింది. దాచుకుంటే ఒక రొమ్ముతో బతుకుతున్న ఆడవాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టలేరన్నది ఆమె వాదనల్లో ఒకటి. పెట్టుకోవాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. పొలం పనిలో వంగినప్పుడు బరువు సరిపోక వీపు నొస్తుందని పాత చీరగుడ్డ, దూది, ఆవాలు కలిపి సొంతంగా కుట్టుకోవడం చౌకైన పద్ధతి. దాని మీద ఆడవాళ్ల మధ్య నడిచే నవ్వులు ఇక్కడ రాయడానికి వీలుకానివి. అవి వాళ్ల మధ్యే ఉండటం న్యాయం.

కేరళలో ఈ నవ్వుకు పెద్ద పేరున్న మనిషి మలయాళ హాస్యనటుడు ఇన్నోసెంట్. 2012లో ఆయనకు లింఫోమా అని తేలింది. తర్వాత ఆయన రాసిన పుస్తకం పేరుకు అర్థం క్యాన్సర్ వార్డులో నవ్వు అని. 2014లో చాలక్కుడి నుంచి లోక్‌సభకు గెలిచాడు. 2023 మార్చిలో చనిపోయాడు. ఆయన నవ్వు జనానికి ధైర్యం ఇచ్చింది, సందేహం లేదు. కాని ఆయన ఊరిలో ఎవరూ ఆయనకు కూలి డబ్బులు పోగేయాల్సిన అవసరం రాలేదు. మన నవ్వుకు ముందు బస్సు చార్జీ కావాలి.

తోడు అంటే లెక్కలో ఎంత?

ఒక ఉదాహరణ తీసుకుందాం. మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక కూలి మనిషికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలితే రేడియేషన్ కోసం వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు హైదరాబాద్‌లో ఉండాలి. రెడ్ హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, వైద్యానికి ఆరోగ్యశ్రీ ఉంది. తెలంగాణలో ఆ పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కార్డు మందుకు డబ్బు కడుతుంది. ఆరు వారాలు పోయిన కూలి కట్టదు, తోడుగా వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి కట్టదు, ఇంటి దగ్గర మేకలకు మేత వేయదు, చిన్నపిల్లకు జడ వేయదు. అక్కడే వాడ కావాలి.

ఈ పని మనవాళ్లకు కొత్త కాదు. నాట్ల కాలంలో ఒకరి పనికి ఒకరు బదులు పోయినట్టు, ఆసుపత్రికి తోడు కూడా వారం వారం మార్చుకోవచ్చు. డ్వాక్రా సంఘంలో పది మంది ఉంటే ఒక్కొక్కరు మూడు రోజులు తీసుకున్నా నెల గడుస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కావడం ఈ పనికి పెద్ద ఊతం. రైల్లో అయితే వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు మనిషికి వాటిలో 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే పత్రం చూపించాలి. ఇది తెలియక పూర్తి టికెట్ కొని వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు రాష్ట్రాల్లోనూ నగరాల్లో 5 రూపాయల భోజనం దొరికే క్యాంటీన్లు ఉన్నాయి.

రక్తం ఇంకో పెద్ద పని. ఏప్రిల్ 14న అంబేడ్కర్ యువజన సంఘాలు చాలాచోట్ల రక్తదాన శిబిరాలు పెడతాయి, మంచిదే. కాని ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. రక్తక్యాన్సర్ ఉన్న పిల్లవాడికి ఆగస్టులో కావాలంటే ఏప్రిల్‌లో ఇచ్చినవి పనికిరావు. శిబిరంతో పాటు ఊరి కుర్రాళ్ల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచితే అది ఏడాదంతా పనికొస్తుంది. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి రక్తం ఇవ్వొచ్చు. జయంతి బ్యానర్ మీద పేరు చిన్నదైనా పెద్దదైనా ఆ నోటు పుస్తకంలో అందరిదీ ఒకే సైజు.

తోడు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా ఎంతో కొలిచినవాళ్లున్నారు. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 2,835 మంది నర్సుల మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. జబ్బుకు ముందు నుంచే ఒంటరిగా ఉన్నవాళ్లు, చుట్టాలు స్నేహితులు ఎక్కువగా ఉన్నవాళ్లకంటే చనిపోయే ప్రమాదం 66 శాతం ఎక్కువని అందులో తేలింది. దీనికి కారణంగా పరిశోధకులు ముందు అనుమానించింది ఏదో మాయను కాదు, దగ్గర ఉండి చూసుకునే మనిషి లేకపోవడాన్నే. మందు వేళకు గుర్తుచేసేవాళ్లు, జ్వరం వస్తే ఆటో పిలిచేవాళ్లు, తారీఖు తప్పకుండా ఆసుపత్రికి పంపేవాళ్లు.

అయితే తోడును పొగిడే ముందు ఒక లెక్క చూడాలి. దళిత మహిళ సగటున పైకులాల మహిళకంటే 14.6 ఏళ్లు ముందే చనిపోతోందని 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం నివేదిక చెప్పింది. ఇది క్యాన్సర్ ఒక్కదాని వల్ల కాదు. నీళ్లు, మరుగుదొడ్డి, తిండి, ఆసుపత్రి దూరం అన్నీ అందులో ఉన్నాయి. ఆ 14 ఏళ్లను డ్వాక్రా సంఘం పూడ్చలేదు. వాడ చందాలు వేసుకుంటోందని చెప్పి ప్రభుత్వం పక్కకు జరిగే వీలు లేదు. ఇంకోటి, తోడు భారం కూడా దాదాపు ఎప్పుడూ ఒకే మనిషి మీద పడుతుంది, చదువు మానేసిన పెద్దకూతురి మీద. వంతులు వేసుకునేటప్పుడు మగవాళ్ల పేర్లు కూడా రాయాలి. ఆసుపత్రి వరండాలో పడుకోవడం మగవాళ్లకు రాని విద్య కాదు.

ఆ వరండాలో కులం కూడా మనతో పాటే వస్తుంది. పక్క మంచం వాళ్లు మొదటి రోజే "ఏ ఊరు, ఏమోళ్లు?" అని అడుగుతారు. కొందరు అబద్ధం చెప్పి నెట్టుకొస్తారు. వాళ్లను తప్పు పట్టలేం. కొందరు "క్యాన్సరోళ్లం" అంటారు. ఆ వార్డులో ఆ జవాబు అందరికీ వర్తిస్తుంది, అడిగినవాళ్లకు కూడా.

నవ్వు రాని రోజులు

చాలా ఇళ్లలో రోగికి అసలు సంగతి చెప్పరు. గడ్డ, పుండు, అల్సర్ అంటారు. రోగికి తెలిసిపోతుంది. తెలిసిందని చెబితే పిల్లలు ఏడుస్తారని తానూ నటిస్తుంది. రెండు వైపులా నాటకం నడుస్తుంది. అలాంటప్పుడు చాలాసార్లు జోకే తలుపు తీస్తుంది. "నా పుస్తెలతాడు ఎవరికిస్తరో ఇప్పుడే చెప్పుండ్రి, ఎన్క కొట్లాడితే నేను సూడలేను గదా" అని తల్లి నవ్వుతూ అందంటే, మాట్లాడటానికి తాను సిద్ధమని చెప్పినట్టు. "ఊరుకోమ్మా, అట్ల మాట్లాడకు" అని ఆ తలుపు మూసేయకూడదు. కూర్చోవాలి. "ఎవరికియ్యాలె మరి?" అని అడగాలి.

నొప్పి ఎక్కువైన రోజు ఏ జోకూ పనిచేయదు, ఆ రోజు నొప్పికి మందు కావాలి. ముదిరిన క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే అది వ్యసనం కాదు, చావును తొందరపెట్టేదీ కాదు. మత్తుమందుల చట్టం కఠిన నిబంధనల వల్ల చాలాకాలం అది దొరకడమే గగనంగా ఉండేది. 2014లో సవరణ తెచ్చి ఆ నిబంధనలు సడలించారు. ఎం.ఎన్.జె.లో ఈ ఉపశమన వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. తెలంగాణలో పలు జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలు పనిచేస్తున్నాయి. ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అని పంపేసినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇదే: పాలియేటివ్ కేర్ ఎక్కడ దొరుకుతుంది?

ఈ విషయంలో కేరళను చూడాలి. కోజికోడ్‌లో 1993లో ఒక చిన్న క్లినిక్‌గా మొదలైన పని కొన్నేళ్లలోనే మలప్పురం ఊళ్లలో ఇరుగుపొరుగు బృందాలుగా మారింది. కూలీలు, టీచర్లు, ఆటోవాళ్లు, గృహిణులు వారానికి కొన్ని గంటలు కేటాయించి, కొంచెం శిక్షణ తీసుకుని, మంచంలో ఉన్నవాళ్ల ఇళ్లకు నర్సుతో కలిసి వెళతారు. పుండు కడగడం, బియ్యం ఇవ్వడం, పిల్లల బడి ఫీజు చూడటం, ఊరికే కూర్చుని కబుర్లు చెప్పడం అన్నీ అందులో భాగమే. 2008లో అక్కడి ప్రభుత్వం దాన్ని విధానంగా చేసి పంచాయతీలకు అప్పగించింది. మన అంబేడ్కర్ భవనాలు, కమ్యూనిటీ హాళ్లు చాలా ఊళ్లలో ఏడాదిలో రెండు రోజులే తెరుచుకుంటాయి. నెలకోసారి పీహెచ్‌సీ నర్సు వచ్చి కూర్చోవడానికి, జబ్బుపడ్డవాళ్లూ వాళ్లను చూసుకునేవాళ్లూ వచ్చి చాయ్ తాగడానికి ఆ గది చాలు. కావాల్సినవి ఒక చాప, ఒక ఫ్లాస్కు, అందరికీ ఒకే రకం గ్లాసులు.